కోర్ ఫ్లైట్ సిస్టమ్ సమీక్ష: నల్లగొండ ల్యాబులో రెండు సెమిస్టర్ల అనుభవం

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన గొడార్డ్ స్పేస్ ఫ్లైట్ సెంటర్ తయారు చేసి, ఎవరైనా రుసుము లేకుండా దించుకొని వాడుకునేందుకు బయటపెట్టిన వ్యోమనౌకా సాఫ్ట్‌వేర్ పేరు కోర్ ఫ్లైట్ సిస్టమ్. వాడేవాళ్లు దీన్ని సి.ఎఫ్.ఎస్. అంటారు. నల్లగొండ శివారులోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్సు బోధించే నేను గత రెండు సెమిస్టర్లుగా చివరి సంవత్సరం విద్యార్థుల చేత ప్రాజెక్టులకు దీన్ని వాడించాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాత ప్రోగ్రాములను పారేయకుండా కొత్త యంత్రాల మీదికి ఎలా తెచ్చుకోవాలో నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు. అయితే దీని పత్రాలు కొత్తవాడిని దృష్టిలో పెట్టుకొని రాసినవి కావు. పక్కన కూర్చొని చెప్పేవారు లేకపోతే మొదటి నెలలోనే విద్యార్థి విసిగి వదిలేస్తాడు.

ఇది ఎందుకు పుట్టిందో తెలియకుండా దీని మంచిచెడ్డలు ఎంచడం సరికాదు. వ్యోమనౌకను తయారు చేయడానికి ఏళ్లు పడుతుంది, ఎగిరాక అది మరిన్ని ఏళ్లు పనిచేస్తుంది. అందులోని ప్రోగ్రాము రాసినవాళ్లు పదవీ విరమణ చేసినా, అప్పటి సాధనాలు వాడుకలోంచి పోయినా, ఆ ప్రోగ్రాము మాత్రం నడుస్తూనే ఉండాలి. ఐరోపా వారు 2003లో అంగారకుడి వద్దకు పంపిన మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకలోని మార్సిస్ రాడార్ సాఫ్ట్‌వేర్‌ను 2022లో కొత్తది చేసినప్పుడు, పాతది విండోస్ 98 నాటి సాధనాలతో తయారైందని తెలిసి చాలామంది ఆశ్చర్యపోయారు. 1977లో బయలుదేరిన నాసా నౌక వాయేజర్-1 కథ ఇంకా లోతైనది. 2023 నవంబరులో అది అర్థం లేని డేటా పంపడం మొదలుపెట్టింది. ఫ్లైట్ డేటా సబ్‌సిస్టమ్ అనే కంప్యూటరులో మెమరీ కొంత పాడైందని నిర్ధారించుకోవడానికే నెలలు పట్టింది. పాడైన చోట ఉన్న ప్రోగ్రాము మొత్తాన్నీ పట్టేంత ఖాళీ మరెక్కడా లేకపోవడంతో ఇంజినీర్లు దాన్ని ముక్కలు చేసి, దొరికిన సందుల్లో సర్ది, ఒక ముక్క నుంచి మరో ముక్కకు పోయే చిరునామాలన్నీ సవరించి 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్కను పంపారు. ఆ సంకేతం చేరడానికి 22.5 గంటలు, జవాబు రావడానికి మరో 22.5 గంటలు పట్టాయి. ఏప్రిల్ 20న నౌక తన క్షేమ సమాచారాన్ని సరిగా పంపింది. ఈ సంగతి తరగతిలో చెప్పిన ప్రతిసారీ నా గొంతు కొద్దిగా గద్గదమవుతుంది. కానీ పాఠంగా చూస్తే ఇందులో ఒక లోపం కూడా ఉంది. ప్రోగ్రాములోని ఏ భాగం ఎక్కడ ఉంటుందో, ఏది దేని మీద ఆధారపడిందో మనుషుల బుర్రల్లోనూ పాత కాగితాల్లోనూ వెతుక్కోవలసి వచ్చింది.

సి.ఎఫ్.ఎస్. అసలు ఉద్దేశం ఆ అవస్థ తర్వాతి తరాలకు రాకుండా చూడటమే. పూర్వం ఒక కొత్త నౌక పని మొదలైతే, అంతకుముందు ఎగిరిన నౌక ప్రోగ్రామును మొత్తంగా నకలు తీసుకొని అవసరమైన చోటల్లా దిద్దుకునేవారు. నకలు తీసిన మరుక్షణం నుంచి రెండూ వేరువేరు దారులు పడతాయి. ఒకదానిలో దొరికిన తప్పును రెండోదానిలో దిద్దాలంటే మళ్లీ మొదటి నుంచి వెతకాలి. గొడార్డ్ ఇంజినీర్లు వరుసగా కొన్ని నౌకల ప్రోగ్రాములను ముందు పెట్టుకొని, ప్రతిసారీ తిరిగి రాస్తున్న పనులేవో, నౌక నౌకకూ నిజంగా మారే పనులేవో విడదీశారు. మారని భాగాన్ని ఒక పునాదిగా కట్టి, మారే భాగాలు దాని మీద విడివిడిగా కూర్చునేలా చేశారు. 2009 జూన్ 18న చంద్రుడి వైపు బయలుదేరిన లూనార్ రికానసాన్స్ ఆర్బిటర్ ఈ పునాదిని వాడిన తొలినాటి నౌకల్లో ఒకటి. 2013 సెప్టెంబరులో ఎగిరిన లాడీ నౌకను గొడార్డ్ వారు కాకుండా నాసాలోని మరో శాఖ అయిన ఏమ్స్ పరిశోధన కేంద్రం వారు ఇదే సాఫ్ట్‌వేర్‌తో నడిపారు. ఒక ఇంటివారు వండిన కూర పక్కింటివారికీ రుచించిందంటేనే అది మంచి వంట అని నమ్మే నాకు, దీన్ని వాడిన మిగతా నౌకలన్నిటికంటే ఈ లాడీ ఉదాహరణే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్‌ను నేను చూసే తీరు అక్కడి నుంచే వచ్చింది. బోధనలోకి రాకముందు మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో ఫాక్స్‌ప్రో అనే పాత భాషలో రాసి ఉన్న ధాన్యం కొనుగోలు ప్రోగ్రామును కొత్త భాషలో తిరగరాసే పని ఒప్పుకున్నాను. పాత ప్రోగ్రాము తుమ్మకంపలా అల్లుకొని ఉండేది. దాన్ని చదవడం వృథా అనుకొని, మిల్లు గుమాస్తాను అడిగి నియమాలన్నీ రాసుకొని మొదటి నుంచి కొత్తగా రాశాను. పాతది తరుగును లోడు మొత్తం తూకం మీద లెక్కగట్టి చివర ఒక్కసారి మాత్రమే కిలోలకు సరిచేసేది. నాది బస్తా బస్తాకూ సరిచేసి ఆ తర్వాత కూడేది. బస్తాకు 600 గ్రాముల తరుగు వస్తే నా ప్రోగ్రాము దాన్ని కిలో చేసింది. నూరు బస్తాలు తెచ్చిన రైతుకు 60 కిలోలు పోవలసిన చోట 100 కిలోలు పోయాయి. ఆ తేడాను పట్టుకున్నది నేను కాదు, ఒక రైతు. రసీదు వెనక పెన్సిలుతో లెక్క వేసుకొని వచ్చి, "సారూ, పోయినేడు ఇదే మిల్లుల ఇంత తరుగు పోలే, గీ నలభై కిలోలు యాడికి వోయినయి?" అని అడిగాడు. పాత ప్రోగ్రాములో ఆ నియమాన్ని మోస్తున్నది ఒకే ఒక పంక్తి. ఆ సంగతి గుమాస్తాకు కూడా తెలియదు. రైతులకు డబ్బు తిరిగి ఇచ్చారు, ప్రోగ్రాము సరిదిద్దాను. ఆనాటి నుంచి ఏ పాత ప్రోగ్రామునూ చదవకుండా, దాని జవాబులను కొత్తదాని జవాబులతో పోల్చకుండా చేయి పెట్టలేదు.

ఇక సాఫ్ట్‌వేర్ దగ్గరికి వద్దాం. దించుకోవడంలోనే మొదటి ముడి పడుతుంది. ప్రోగ్రాములను అందరికీ అందుబాటులో ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైటులో కనిపించే ప్రధాన భాండాగారం కేవలం ఒక చట్రం. లోపల ఉండవలసిన భాగాలన్నీ సబ్‌మాడ్యూళ్లుగా వేర్వేరు చోట్ల ఉంటాయి. మొదటి బ్యాచ్‌లో నలుగురు జిప్ ఫైలు దించుకున్నారు. విప్పి చూస్తే పేర్లు మాత్రమే ఉన్న ఖాళీ ఫోల్డర్లు కనిపించాయి. గిట్ ఆదేశాలతో సబ్‌మాడ్యూళ్లను విడిగా తెప్పించుకున్నాక, మేక్ ప్రెప్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ అనే మూడు మెట్లు ఎక్కితే చాలు, ఉబుంటు అనే లినక్స్ ఉన్న సాధారణ కంప్యూటరు మీద నౌక సాఫ్ట్‌వేర్ నడవడం మొదలుపెడుతుంది. మా ల్యాబులోని 4 జీబీ మెమరీ గల పాత యంత్రాలు కూడా దీన్ని సునాయాసంగా మోశాయి. పరికరం ఏదీ చేతికి రాకముందే పని మొదలుపెట్టవచ్చన్నది మా వంటి కళాశాలలకు చిన్న సౌకర్యం కాదు.

దీని నిర్మాణం అంతస్తులుగా ఉంటుంది. అట్టడుగున ప్లాట్‌ఫామ్ సపోర్ట్ ప్యాకేజీ అనే పొర ప్రాసెసర్, బోర్డు సంగతులు చూసుకుంటుంది. దాని పక్కనే ఓసాల్ అని పిలిచే పొర ఆపరేటింగ్ సిస్టమ్ తేడాలను కప్పి ఉంచుతుంది. కింద ఉన్నది వీఎక్స్‌వర్క్స్ అయినా, ఆర్‌టెమ్స్ అయినా, లినక్స్ అయినా పైనున్న ప్రోగ్రాముకు ఒకే రకమైన పిలుపులు అందుతాయి. వీటి మీద కోర్ ఫ్లైట్ ఎగ్జిక్యూటివ్ అనే కేంద్ర భాగం, దాని మీద ఒక్కో పనికి ఒక్కో యాప్ ఉంటాయి. విద్యార్థులకు ఇది చెప్పేటప్పుడు నేను పానగల్ ఉదయ సముద్రాన్ని గుర్తుచేస్తాను. అది వందల ఏళ్ల నాటి చెరువు. నేడు ఎత్తిపోతల ద్వారా వచ్చే కృష్ణా నీటిని నిలుపుకునే జలాశయంగా పనిచేస్తోంది. కింద పొలం ఉన్న రైతుకు నీరు వానది అయినా కృష్ణది అయినా తేడా లేదు, తూము దగ్గర ఎంత వదిలారన్నదే లెక్క. ఓసాల్ పొర అటువంటి తూమే. దాని వెనక ఏమి మారినా, ముందున్న పొలం దున్నే తీరు మార్చుకోవలసిన పని లేదు.

నాకు అన్నిటికంటే నచ్చినది కేంద్ర భాగంలోని సాఫ్ట్‌వేర్ బస్. ఇందులో ఏ యాప్ మరో యాప్‌ను నేరుగా పిలవదు. చెప్పదలచుకున్నదాన్ని ఒక సంఖ్య ముద్రించిన సందేశంగా బస్ మీద పెడుతుంది. ఆ సంఖ్య గల సందేశాలు కావాలని ముందే చందా కట్టిన యాప్‌లకు అది చేరుతుంది. పంపినవారికి అందుకునేవారెవరో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. పాత వ్యవస్థను ఒక్కసారిగా కూల్చకుండా ఒక్కొక్క భాగాన్నే మార్చుకుంటూ పోవడానికి ఇంతకంటే సహేతుకమైన ఏర్పాటు ఉండదని నా నమ్మకం. ఒక యాప్‌ను తీసి అదే సంఖ్యతో మాట్లాడే మరొకదాన్ని పెడితే మిగతావి గుర్తుపట్టవు. మా మిల్లు ప్రోగ్రాములో తరుగు లెక్క ఇలా విడిగా కూర్చొని ఉంటే, పాతదానినీ కొత్తదానినీ పక్కపక్కన నడిపి, రెండింటి జవాబులను ఒక సీజన్ పాటు పోల్చి చూడగలిగేవాణ్ని.

ఒక విద్యార్థిని తొలి కమాండు పంపిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. నమూనాగా ఇచ్చిన శాంపుల్ యాప్‌కు నో-ఆప్ అనే కమాండు పంపాలి. అది ఏ పనీ చేయదు, విన్నానని చెప్పడమే దాని పని. ఆమె భూకేంద్రపు, అంటే నేల మీది నియంత్రణ కేంద్రపు, కిటికీలోంచి కమాండు పంపింది, తెర మీద మాత్రం యాప్ అందుకున్న కమాండుల లెక్క సున్నా దగ్గరే నిలిచింది. రెండోసారి, మూడోసారి పంపినా కదల్లేదు. "సార్, పోతలేదు" అంది. "పోతున్నదమ్మా, ఎవరూ వింటలేరు. పక్క కిటికీలో ఏం రాసిందో చదువు" అన్నాను. నౌక వైపు కిటికీలో, ఆ సందేశ సంఖ్యకు చందాదారులెవరూ లేరని, పంపినది (భూమి నుంచి వచ్చే కమాండులను అందుకొని బస్ మీద పెట్టే) సి.ఐ. ల్యాబ్ యాప్ అని ఒక పంక్తి ప్రతి ప్రయత్నానికీ ఒకసారి చొప్పున నమోదై ఉంది. సంఖ్యలో ఒక అంకె తప్పు పడింది. దిద్ది పంపగానే కమాండుల లెక్క సున్నా నుంచి ఒకటికి మారింది, దాని పక్కన యాప్ తన వెర్షను సంఖ్యతో సహా జవాబు రాసింది. తప్పు పొడవు గల సందేశం పంపితే ఎంత పొడవు రావలసింది, ఎంత వచ్చింది అన్నది కూడా చెప్పి, తప్పుల లెక్కను వేరుగా పెంచుతుంది. భూమి మీద కూర్చున్నవారు నౌకను తాకి చూడలేరు కాబట్టి, ప్రతి యాప్ తాను విన్నదీ విననిదీ ఇలా లెక్కగట్టి చెప్పుకోవాలన్న క్రమశిక్షణ ఈ సాఫ్ట్‌వేర్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. మనం రోజూ వాడే వెబ్‌సైట్లు ఇందులో పదో వంతు నిజాయితీగా తమ తప్పులు చెప్పినా ఎంతో మేలు జరుగుతుంది.

పట్టికల సేవ గురించి కూడా తప్పక చెప్పాలి. హద్దులు, వ్యవధులు, క్రమాలు వంటి మారే సంఖ్యలను ప్రోగ్రాములో కాకుండా విడి పట్టికల్లో ఉంచి, నౌక నడుస్తుండగానే కొత్త పట్టికను ఎక్కించవచ్చు. ఎక్కించిన వెంటనే అది అమలులోకి రాదు. సంబంధిత యాప్ దాన్ని పరీక్షించి ఒప్పుకున్నాకే, మార్చమన్న ఆదేశం మీద పాతదాని స్థానంలోకి వస్తుంది. దీనికి తోడు ప్రాసెసర్ పునఃప్రారంభమైనా చెరిగిపోకుండా కొంత సమాచారాన్ని కాపాడే ఏర్పాటు ఉంది.

కాలాన్ని లెక్కించే సేవ మా తరగతిలో ఒక మంచి గంటను ఇచ్చింది. 2013 ఆగస్టులో నాసాకు డీప్ ఇంపాక్ట్ నౌకతో సంబంధం తెగిపోయింది. కంప్యూటరు కాలగణనలో వచ్చిన చిక్కే అందుకు కారణమై ఉండవచ్చని భావించారు. 2000 జనవరి 1 నుంచి సెకనులో పదో వంతుల చొప్పున 32 బిట్లలో లెక్కిస్తే ఆ లెక్క ఎప్పుడు నిండుతుందో బోర్డు మీద కట్టమన్నాను. 13.6 ఏళ్లు, అంటే సరిగ్గా 2013 ఆగస్టు వచ్చింది. సి.ఎఫ్.ఎస్. పూర్తి సెకన్లకు 32 బిట్లు, సెకనులోని భాగాలకు వేరుగా మరో 32 బిట్లు కేటాయిస్తుంది. ఈ లెక్కన నిండటానికి 136 ఏళ్లు పడుతుంది. పాత దెబ్బ నుంచి నేర్చుకోవడమంటే ఏమిటో పిల్లలకు ఆ ఒక్క గుణకారంలో అర్థమైంది.

ఇక లోపాలు. పత్రాల సంగతి ముందే అన్నాను. ప్రతి ఫంక్షనుకూ వివరణ ఉంది, కానీ ఒక యాప్‌ను ఎక్కడ మొదలుపెట్టి ఎలా పూర్తి చేయాలో వరుసగా చెప్పే పాఠం సరిపడా లేదు. అప్పటికే ఒక నౌక మీద పనిచేసినవారి కోసం రాసినట్టు ఉంటాయి. ఒక చిన్న యాప్ చేర్చాలంటే దాని ఫోల్డరు, టార్గెట్ల ఫైలు, స్టార్టప్ స్క్రిప్టు, సందేశ సంఖ్యల ఫైలు, షెడ్యూలు పట్టిక ఇన్నిటిలో పేర్లు చేర్చాలి. వీటిలో ఏ ఒక్కటి మరిచినా యాప్ మౌనంగా ఉండిపోతుంది. లిమిట్ చెకర్ అనే యాప్‌తో మా వాళ్లు వారం రోజులు పోగొట్టుకున్నారు. హద్దులు దాటినప్పుడు తగిన చర్యను ప్రేరేపించే ఈ యాప్, పరిశీలించమని షెడ్యూలరు (ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పే యాప్) నుంచి సందేశం వస్తేనే పరిశీలిస్తుంది. చైతన్య స్థితిలోకి రమ్మని దానికి విడిగా కమాండు కూడా పంపవలసి వచ్చింది. నిజమైన నౌకలో ఈ జాగ్రత్త సబబే. విద్యార్థికి మాత్రం ఈ విషయం మొదటి పేజీలోనే కనబడాలి.

దీనితో ఇచ్చే భూకేంద్రపు సాధనం కేవలం పరీక్షలకు పనికొచ్చేది. పైథాన్‌లో రాసిన చిన్న కిటికీలు అవి, చరిత్రను దాచి గ్రాఫులు గీసే సౌకర్యం వాటిలో ఆశించకూడదు. పేరు చివర ల్యాబ్ అని ఉన్న యాప్‌లను కూడా పరీక్షల కోసమే ఇచ్చారు. భద్రత గురించి ఆలోచించకుండా వాటినే అసలు పనిలో పెట్టడం ప్రమాదకరం. లినక్స్ సాధారణ వాడుకరికి ఒక సందేశ వరుసలో 10 సందేశాలకే అనుమతిస్తుంది, మామూలు కంప్యూటరు మీద నడిపే సిమ్యులేషన్ బిల్డు ఆ పరిమితికి సర్దుకొని నడుస్తుంది. ఈ సంగతి తెలియక ఒక జట్టు గబగబా సందేశాలు కుమ్మరించి, పైపు (యాప్‌కు వచ్చే సందేశాల వరుస) పొంగిపోయిందన్న హెచ్చరికలు చూసి తమ ప్రోగ్రామే తప్పని రెండు రోజులు వెతికింది. ఇంకో జట్టుకు ఎండకాలపు ల్యాబులో 41 డిగ్రీలు చూపవలసిన తెర 10496 చూపింది. సంఖ్యలోని రెండు బైట్ల క్రమం తారుమారు కావడమే కారణం. నౌకల్లో వాడే ఆర్.ఎ.డి.750 వంటి పవర్‌పీసీ ప్రాసెసర్లు పెద్ద బైటును ముందు ఉంచుతాయి, మన కంప్యూటర్లు చిన్న బైటును ముందు ఉంచుతాయి. పొరలు ఎన్ని ఉన్నా ఈ తేడా సందేశం లోపలి నుంచి తొంగిచూస్తూనే ఉంటుంది.

ఇంకా లోతైన మాట ఒకటి ఉంది. దీన్ని సాఫ్ట్‌వేర్ లోపమనలేను, కానీ వాడేవారు మరవకూడదు. పొరలు ప్రోగ్రామును కాపాడతాయి, ప్రోగ్రాము వెనక ఉన్న ఊహలను కాపాడలేవు. 1996 జూన్ 4న ఏరియన్-5 తొలి రాకెట్టు బయలుదేరిన సుమారు 37 సెకన్లకే దారి తప్పి పేలిపోయింది. ఏరియన్-4 నుంచి తెచ్చుకున్న దిశానిర్దేశక ప్రోగ్రాములో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి కుదించే చోట, కొత్త రాకెట్టు వేగానికి ఆ సంఖ్య పట్టలేదు. పాత రాకెట్టులో ఆ సంఖ్య ఎన్నడూ అంత పెద్దది కాదని నమ్మి అక్కడ రక్షణ పెట్టలేదు. అన్నిటికంటే బాధ కలిగించే విషయమేమిటంటే, ఆ లెక్క ఏరియన్-5కు నేల వదిలాక అవసరమే లేదు, పాతదానిలో ఉంది కాబట్టి ఉంచారు. చక్కగా పనిచేసిన పాత ప్రోగ్రామును అది పుట్టిన పరిస్థితులు తెలుసుకోకుండా తెచ్చుకుంటే ఇలాగే అవుతుంది. నా మిల్లు తప్పు దీనికి తలకిందుల రూపం. అక్కడ పాతదాన్ని చదవకుండా వదిలేశాను, ఇక్కడ చదవకుండా తెచ్చుకున్నారు. అందుకే సి.ఎఫ్.ఎస్.తో పాటు వచ్చే, ఒక్కో భాగాన్ని విడిగా పరీక్షించే యూనిట్ టెస్టులకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. బిల్డు చేసేటప్పుడు ఒక ఎంపిక జోడిస్తే అవన్నీ మన యంత్రం మీదే నడిచి, ఏ ఫైలులో ఎన్ని పంక్తులు పరీక్షకు వచ్చాయో నివేదిక కూడా ఇస్తాయి. కొత్త బోర్డు చేతికి వస్తే మా ల్యాబులో ముందుగా నడిపేది వాటినే.

దీనికి పోటీగా నాసాకే చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ వారి ఎఫ్ ప్రైమ్ ఉంది. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద తొలిసారి ఎగిరిన ఇన్‌జెన్యుయిటీ హెలికాప్టరును నడిపింది అదే. సి++ భాషలో, భాగాల బొమ్మను ముందు వర్ణించి ఆపై ప్రోగ్రాము నింపే పద్ధతిలో ఉంటుంది. దాని పాఠాలు స్పష్టంగా ఉన్నాయి, భూకేంద్రపు తెర బ్రౌజరులోనే వస్తుంది. ఒక నెలలో చిన్న ప్రాజెక్టు చూపించవలసిన విద్యార్థికి ఎఫ్ ప్రైమ్ సులువు. ఒక పాత వ్యవస్థ ఏళ్ల తరబడి ఎలా విడదీయబడి, ఎలా నిలదొక్కుకుందో చదవదలచినవారికి మాత్రం సి.ఎఫ్.ఎస్.నే సూచిస్తాను. దాని సి ప్రోగ్రాములో ఆ చరిత్ర అంతా చదవడానికి అందుతుంది.

రెండో బ్యాచ్ చేసిన ప్రాజెక్టు గురించి చెబితే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. దేవరకొండ దగ్గర బత్తాయి తోట ఉన్న కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి, ఉష్ణోగ్రతను గమనించి హద్దు దాటితే హెచ్చరించే యాప్‌ను రాశాడు. సెన్సరు లేనందున మొదట ల్యాప్‌టాప్ మీద ఉత్తుత్తి ఉష్ణోగ్రతలు పంపే మరో చిన్న యాప్‌ను కూడా రాసుకున్నాడు. రెండు నెలల తర్వాత రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు, డి.హెచ్.టి.11 అనే ఉష్ణోగ్రత సెన్సరు వచ్చాయి. ఉత్తుత్తి యాప్‌ను తీసేసి, అదే సందేశ సంఖ్యతో నిజమైన కొలతలు పంపే యాప్‌ను ఆ బోర్డు మీద పెట్టాడు. హెచ్చరించే యాప్ సోర్సులో ఒక్క పంక్తి కూడా మారలేదు. హద్దును 40 నుంచి 43కు పెంచవలసి వచ్చినప్పుడు పట్టిక మాత్రమే కొత్తది ఎక్కించాడు, ప్రోగ్రాము ఆపలేదు. "సార్, మా తోటల మోటరు స్టార్టరుకు గూడ గిట్లనే చెయ్యొచ్చు గదా" అని అడిగితే, ముందు ఉన్న స్టార్టరు ఎలా పనిచేస్తుందో కాగితం మీద గీసుకొని రమ్మన్నాను. మరుసటి వారం గీసుకొనే వచ్చాడు.

ఎవరు తీసుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు ఇది. సి భాష మీద పట్టు, లినక్స్ అలవాటు, కనీసం ఒక సెమిస్టరు ఓపిక ఉన్న జట్లు నిస్సంకోచంగా మొదలుపెట్టవచ్చు. డబ్బు ఖర్చేమీ లేదు, అపాచీ 2.0 లైసెన్సు కింద ఇచ్చారు కాబట్టి మార్చుకొని వాడుకోవడానికీ అడ్డు లేదు. విడుదలలకు కీలమ్, డ్రాకో వంటి నక్షత్రరాశుల పేర్లు పెడతారు. భాండాగారంలో రోజూ మారుతూ ఉండే శాఖను కాకుండా, ఇలా పేరు పెట్టి విడుదల చేసినదానినే తీసుకోవాలి. మొదటి వారంలో ఏ యాప్ కూడా రాయవద్దు, నో-ఆప్ పంపి లెక్క మారడం చూడండి. రెండో వారంలో శాంపుల్ యాప్‌ను పంక్తి పంక్తిగా చదవండి. పాలమూరు, నల్లగొండ, సూర్యాపేట వైపు కళాశాలల అధ్యాపకులు ఎవరైనా దీన్ని తమ ల్యాబులో పెట్టదలిస్తే, మా విద్యార్థులు రెండు బ్యాచ్‌లుగా తమ తప్పులన్నీ కలిపి తెలుగులో రాసుకున్న నోట్సు మా దగ్గర ఉంది, నకలు తీసుకోవచ్చు. అందులో మొదటి పేజీలోనే, జిప్ ఫైలు దించుకోవద్దని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.